తలపాగా రెండో కొస

నా చిన్నప్పుడు నన్ను బడికి పంపింది నేను బాగుపడాలని కాదు, ఇంట్లో వాళ్ళు కాసేపు బాగుండాలని. ఐదో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టి చూసి, మా అయ్యవారు కూడా కాసేపు బాగుండాలనుకున్నాడు. అక్కడితో నా చదువు సరి. బడి మానిన నోరు ఊరికే ఉంటుందా? ఎవరు నడిచినా ఆ నడక పట్టేవాణ్ణి, ఎవరు మాట్లాడినా ఆ గొంతు పట్టేవాణ్ణి. మా తాతయ్యకు నా వేషాలంటే ప్రాణం. ఇంటికి ఎవరన్నా వస్తే కాఫీ కంటే ముందు నన్ను పిలిచేవాడు.

ఆ వేషాల్లో ఒకటి ఉంది. అది చూసి అందరూ నవ్వినారు. నాకు యాభై దాటినాయి, ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

మా తాతయ్యకు గూడూరు పక్కన నిమ్మతోట ఉండేది. కాయలు గూడూరు మార్కెట్టుకు పోయి, అక్కడి నుంచి లారీల్లో ఢిల్లీ దాకా పోయేవి. ఆ లారీలు తోలే వాళ్ళలో ఒక సర్దార్ ఉండేవాడు. లోడు దొరికేదాకా రెండు మూడు రోజులు ఆగాలి గదా, ఆ రోజులు మా తోటలోనే గడిపేవాడు. తెలుగు మార్కెట్లో హమాలీల దగ్గర నేర్చుకున్నాడు, అందుకని ఆయన తెలుగులో బూతులు ముందు వచ్చినాయి, మాటలు తర్వాత వచ్చినాయి. నేను సర్దార్ మామ అని పిలిచేవాణ్ణి.

ఆయన మోటారు తొట్టి దగ్గర తలస్నానం చేస్తుంటే మా జేజి, అదే మా నాయనమ్మ, చేతిలో పని ఆపి చూసేది. నడుము దాటిన జుట్టు. తన పెళ్ళిలో తనకు ఇందులో సగం ఉన్నా సవరం పెట్టుకునే బాధ తప్పేదే అని అంగలార్చేది. ఆయన నవ్వుకుంటా కొయ్య దువ్వెనతో దువ్వి, నడినెత్తిన ముడి వేసి, దాని మీద తలపాగా చుట్టుకునేవాడు. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని జుట్టు అని, అది గురువు పెట్టిన గుర్తని, ప్రాణం ఉన్నంతకాలం తీయకూడదని ఒకసారి తాతయ్యకు చెప్పినాడు. తాతయ్య తల ఊపినాడు గానీ అర్థమైందని నేననుకోను. ఎట్లా అవుతుంది? మా ఇంట్లో ఏడాదికి ఒకరన్నా తిరుపతి కొండకు పోయి గుండు చేయించుకుని రావాల్సిందే. నేనే అప్పటికి మూడుసార్లు ఇచ్చినాను. మా లెక్కలో జుట్టంటే దేవుడికి ఇచ్చేది, ఇస్తే మూడు నెలల్లో మళ్ళీ వచ్చేది.

ఎనభై నాలుగులో ఢిల్లీలో ప్రధానమంత్రిని కాల్చి చంపినారు. కాల్చింది సర్దార్లని తెలిసినాక, ఏ పాపం ఎరగని సర్దార్లను ఇళ్ళల్లోంచి, రైళ్ళల్లోంచి లాగి చంపుతున్నారని కబుర్లు రావడం మొదలైంది. మామ అప్పుడు మా తోటలో ఉన్నాడు. ఆయన తల్లి ఢిల్లీలో ఒంటరిగా ఉంది. మామ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున, అమ్మ దగ్గరికి పోతున్నానని లేచినాడు. తాతయ్య వద్దన్నాడు, ఆయన వినలేదు. అయితే ఆ జుట్టు, గడ్డం తీయించుకుని పొమ్మన్నాడు. అది విని మామ దెబ్బ తగిలినట్టు వెనక్కి జరిగినాడు.

తాతయ్య వదల్లేదు. మధ్యాహ్నం దాకా బతిమాలినాడు. చివరికి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చినాడు.

"జుట్టు మళ్ళా వస్తుంది నాయనా. నువ్వు మళ్ళా రావు. మీ అమ్మకు ఎవరున్నారు?"

అమ్మ అనేసరికి మామ తల వంచినాడు.

మంగలాయన్ను పిలిపించినారు. మామ తన తలపాగా తానే విప్పి, మడిచి, మా జేజి చేతుల్లో పెట్టినాడు. అది వెంట ఉంటే దోవలో ఎవరైనా పట్టేస్తారు గదా. ముడి విప్పినాక మంగలాయన కూడా కత్తెర పట్టుకుని ఒక నిమిషం అట్లే నిలబడిపోయినాడు. ఆ పైన ఎవరూ మాట్లాడలేదు. కత్తెర చప్పుడు, తర్వాత గుండు గీసే కత్తి చప్పుడు, తొట్టిలో నీళ్ళ చప్పుడు, అంతే. అందరి మొహాలు చావింట్లో మాదిరి ఉన్నాయి.

నాకు ఆ మౌనం పడలేదు. దానికి నాకు తెలిసిన మందు ఒకటే. కింద పడిన జుట్టు గుప్పెడు తీసి గడ్డానికి ఆనించుకున్నాను. తువ్వాలు తలకు చుట్టుకున్నాను. రొమ్ము విరిచి, మామ నడకతో నడిచి, ఆయన ఎదురుగా నిలబడి, ఆయన గొంతుతోనే, ఆయన రోజూ మమ్మల్ని పలకరించే మాట, 'సత్ శ్రీ అకాల్' అన్నాను.

మొదట మంగలాయన నవ్వినాడు. తర్వాత జేజి నవ్వింది. తాతయ్యకు కళ్ళల్లో నీళ్ళు ఆరలేదు, అయినా నవ్వినాడు. మామ కూడా నవ్వినాడు. నవ్వుతానే, అలవాటు కొద్దీ, బదులు చెప్పడానికి రెండు చేతులూ ఎత్తినాడు. పెదాలు కదిలినాయి. మాట రాలేదు. నా చేతిలో జుట్టు వైపు చూసినాడు. ఎత్తిన చేతులు దించి, భుజం మీద గుడ్డ తల మీద కప్పుకుని మోటారు గదిలోకి పోయినాడు. ఏడుపు వినిపిస్తుందేమోనని నేను తలుపు దగ్గర నిలబడినాను. ఏమీ వినిపించలేదు.

బయటికి వచ్చినప్పుడు ఆయన ఎవరో నాకు తెలియలేదు. ఎవరైనా కావచ్చు. మేము కోరుకున్నదీ అదే గదా. గేటు దగ్గర ఎదురైన పక్కతోట ఆయన మాత్రం లారీని బట్టి పోల్చుకుని, ఏం సర్దార్, కొండకు పోయొచ్చినావా, మాకు లడ్డు ఏదీ అని అడిగినాడు. పాపం, ఆయన మర్యాదగానే అడిగినాడు.

ఆ జుట్టు ఏం చేయాలో మాకు తెలియలేదు. జేజి మూటగట్టి ఒక నిమ్మచెట్టు పాదులో పూడ్చింది. నేను ఆ చెట్టు కాయ ముట్టేవాణ్ణి కాదు. కళ్ళు మూస్తే ఆ వరుసల మధ్య మొహం లేని గడ్డం ఒకటి నడుచుకుంటా వచ్చేది. అది నా గొంతుతో పలకరించేది. నేను బదులు చెప్పబోతే నాకు నోరు వచ్చేది కాదు. రెండేళ్ళు మామ దగ్గర నుంచి ఒక్క కబురు లేదు. తాతయ్య నన్ను వేషం వేయమనడం మానేసినాడు. నేనూ అడగలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం లారీ వచ్చి ఆగింది. దిగిన మనిషికి గడ్డం ఉంది, తలపాగా ఉంది. నేను పోయి మోటారు గది వెనకాల దాక్కున్నాను. ఆయన చెప్పిందంతా అక్కడి నుంచే విన్నాను. తల్లి బతికే ఉంది. కాకపోతే ఆ రోజు గుండుతో వచ్చినవాణ్ణి కిటికీలోంచి చూసి, ఎవరో చంపడానికి వచ్చినారనుకుని తలుపు తీయలేదంట. అమ్మా అని పిలిచి పిలిచి గొంతు పోయినాక తీసిందంట. జుట్టు పెరిగినాక గురుద్వారాకు పోయి, అందరి ముందర చేతులు జోడించి నిలబడి, జరిగింది చెప్పి, క్షమించమని అడిగినాడంట. అక్కడి పెద్దలు ఐదుగురు విని, వచ్చేపోయే వాళ్ళ చెప్పులు తుడవమన్నారంట. చెప్పినన్నాళ్ళూ తుడిచి, మళ్ళా వాళ్ళ అమృతం తాగి దీక్ష తీసుకున్నాడంట.

తాతయ్య తట్టుకోలేకపోయినాడు. చేయించింది నేనైతే నువ్వెందుకు అడగాల అన్నాడు.

"మీరు నా ప్రాణం చూసినారు పెద్దాయనా, దానికి మీకు దండం," అన్నాడు మామ. "తల వంచింది నేను గదా. అడగాల్సింది నేనే."

మరుసటి పొద్దున జేజి తన పెట్టెలోంచి ఆ పాత తలపాగా గుడ్డ తీసి ఇచ్చింది. రెండేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు ఉతికి ఆరేసిందో. మామ తొట్టి దగ్గర స్నానం చేసి, భుజాల దాకా వచ్చిన జుట్టు దువ్వి ముడి వేసుకుని, నేరుగా నా దగ్గరికి వచ్చినాడు. ఆ గుడ్డ ఐదారు గజాలుంటుంది. మా అమ్మ, అత్త చీర మడత పెట్టేటప్పుడు చెరో కొస పట్టుకున్నట్టు, దాన్ని కూడా ఇద్దరు పట్టుకుని లాగి మడతలు వేయాలి. ఒక్కడే ఉన్నప్పుడు ఆయన రెండో కొసను లారీ తలుపుకు కట్టుకునేవాడు. ఆ రోజు అది నా చేతిలో పెట్టి, సడలనీయొద్దు, గట్టిగా పట్టుకో అన్నాడు. నేను దాన్ని రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకున్నాను. ఒక్కో చుట్టూ చుట్టుకుంటా, నన్ను దగ్గరికి లాక్కుంటా వచ్చినాడు. చివరి చుట్టుకు ఆయన ఎదురుగా ఉన్నాను.

"ఆ రోజు ఒక మాటన్నావు. నేను బదులు చెప్పలేదు," అన్నాడు. "మళ్ళా చెప్పు."

జన్మలో మొదటిసారి నాకు ఎవరి గొంతూ దొరకలేదు. నా గొంతుతోనే, చిన్నగా, 'సత్ శ్రీ అకాల్' అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, తోటలో కాయలు కోసే వాళ్ళు ఇటు తిరిగి చూసేటంత గట్టిగా, బదులు చెప్పినాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు వచ్చినాడు, తర్వాత రావడం మానేసినాడు. ఎక్కడున్నాడో తెలియదు. నేనేమో అందరినీ నవ్విస్తానే ఉన్నాను, పెళ్ళిళ్ళల్లో నా పక్కన కుర్చీకి ఇప్పటికీ పోటీ. కానీ ఒకరి గొంతు పట్టబోయే ముందు ఆ మనిషి మొహం ఒకసారి చూస్తాను. నలుగురు మౌనంగా ఉన్న చోట ఆ మౌనం నన్ను ఎంత కొరికినా ముట్టుకోను. క్షౌరశాలలో నా జుట్టు కింద పడుతుంటే కళ్ళు మూసుకుంటాను. మూసినా లాభం లేదు, ఎత్తి దించిన ఆ రెండు చేతులే కనబడతాయి.

ఈ కథ చాలామందికి చెప్పినాను. మామ నన్ను క్షమించేసినాడు అనే మాటతో ముగించేవాణ్ణి. మొన్న మా అమ్మాయికి కూడా అట్లే చెప్పినాను.

"తన తప్పు లేకపోయినా ఆయన అంతమంది ముందర నిలబడి అడిగినాడు," అన్నది. "నువ్వు అడిగినావా, నాయనా?"