దగ్గని మామతో నిజామాబాద్ దాకా

ఆదివారం సాయంత్రం ఆరుంబావుకు బోధన్ దగ్గర మా మామ ఇంట్లో డ్యూటీలో చేరాను. నేల చదును. ముందు చెరకు, వెనక పసుపు, గాలిలో పొగ, చలి. మంచుకొండల మీద కాపలా కాసి రిటైరైన నాకు, అరుగు మీద మూడు స్వెట్టర్లలో కూర్చున్న మామే అన్నిటికన్నా ఎత్తయిన శిఖరంలా కనిపించాడు.

ఆయన దగ్గితే ఇంటి పెంకులు కదులుతాయి. పక్కింటి గేదె పాలు చేపదు. డాక్టరు ముందు మాత్రం దగ్గడు. పోయినసారి "ఏం లేదు సార్, మంచిగున్న" అని డాక్టరుకే ధైర్యం చెప్పి వచ్చాడు. రేపు నిజామాబాద్ ఆస్పత్రిలోనూ అంతే అయితే మంగళవారం నుంచి పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర కూర్చుంటాడు. ఆ పొగను ఆయన ఛాతీ ఇంకో ఏడాది మోయలేదు.

హెడ్‌క్వార్టర్స్, అంటే నిజామాబాద్‌లో ఉన్న నా భార్య, ఫోన్లో ఆర్డర్లు ఇచ్చింది.

"బాపు మింగిన గోలీల అట్టలన్ని పట్టుకరాన్రి. తెమడ ఏ రంగుల పడుతుందో అడుగున్రి."

"నేనా?"

"పటాలంల పని చేసింది మీరే గద."

అడిగాను. మామ దూలాల వైపు చూశాడు. "గవి అల్లునితోని మాట్లాడే ముచ్చట్లా?"

తెల్లారి ఐదింటికి నేను లేచేసరికే ఆయన తయారు. గడ్డం నున్నగా గీశాడు. ఇస్త్రీ ధోతి కట్టాడు. చెంబెడు శొంఠి కషాయం, దాని మీద దగ్గుమందు తాగాడు.

"మామా, దగ్గుకే గద పోతున్నం. జర దగ్గాలె."

"పెద్దమనిషి ముంగట ఖళ్లు ఖళ్లు మంటే ఏం మర్యాద, అల్లుడా? సాఫ్ జేస్కొని పోవాలె."

చుట్టాలొస్తున్నారని ఇంటికి సున్నం వేసినట్టు గొంతుకు కషాయం వేశాడు. బస్సులో ఒక్క దగ్గు లేదు. పక్క సీటావిడ తుమ్మితే ఆవిడకే వైద్యం చెప్పాడు. ఆస్పత్రి బెంచీ మీద నుంచి హెడ్‌క్వార్టర్స్‌కు కబురు పంపాను: మామ దగ్గుతలేడు, సాయం కావాలి.

లోపల ఆయన రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు. మా పటాలంలో ఎవరూ అంత నిటారుగా కూర్చోలేదు. డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింది.

"కొంచెం గరగర ఉంది. దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"ఎప్పుడన్న ఒకపారి మేడం. సలికాలం అందరికి వచ్చేదే."

నేను నోరు తెరిస్తే మామ నా కాలు తొక్కాడు. డాక్టరమ్మ పెన్ను తీసింది. అప్పుడే నా ఫోన్ మోగింది. సాయం వచ్చింది. పోయిన వారం పుట్టింటికి వచ్చినప్పుడు నా భార్య తెల్లవారుజామున రికార్డు చేసిన మామ దగ్గు. వెంటనే వినిపించాను.

గది నిండా దగ్గు. ఆగదు. ఊపిరి అందక మధ్యలో ఈల. మళ్లీ దగ్గు.

మామ ముఖం వాడిపోయింది. "ఎవలు పాపం గాయన? గంత గోసపడుతున్నడు."

నేను ఫోన్ ఆపాను.

"నాకేంది మేడం. ముందుగాల గాయనను సూడున్రి," అంటూ స్టూలు మీద నుంచి లేచి, తలుపు వైపు చెయ్యి చాచాడు.

"కూర్చోండి పెద్దాయనా," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఆయన్నే చూస్తున్నాను."

మామ నా ఫోన్ వైపు చూశాడు. కూర్చున్నాడు. తర్వాత అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు, తెమడ రంగుతో సహా. బ్రాంకైటిస్ అని తేలింది. మందులు, ఎక్స్‌రే, పొగకు దూరం. తిరుగు బస్సులో మనసారా దగ్గాడు. మంగళవారం పసుపు పొయ్యి దగ్గర నేను కూర్చున్నాను. ఆయన దూరంగా, పొగ తగలని వైపు కుర్చీ వేసుకుని నా మంట సరిగ్గా లేదని సాయంత్రం దాకా తిట్టాడు.

నా సర్వీసులో చూసినవి చాలా మర్చిపోయాను. ఇదొక్కటి పోదు: ఖాళీ స్టూలు, పక్కన ఇస్త్రీ ధోతిలో మామ, బయట ఎవరో నిలబడ్డారనుకుని ఆ స్టూలు చూపిస్తూ, తలుపు వైపు చాచిన చెయ్యి.