కంగ్టి రాయి ఓడెక్కిన వైనం

కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన ఆ రోజుల్లో ఉన్నంత ధైర్యం నాకు మళ్లీ ఎప్పుడూ లేదు. మా పెద్దబాపు కారు కొన్నప్పటి నుంచి నాది ఒకటే ఆశ. నారాయణఖేడ్ బస్టాండు ముందు నుంచి దాన్ని నేను నడుపుకుంటూ పోవాలి, నాకు స్కూటీ కూడా రాదని ఏడిపించిన వాళ్లంతా నోళ్లు తెరవాలి. పెద్దబాపు తాళం ఇస్తే కదా! ఇరవై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. హ్యాండ్ బ్రేకును నమ్మడు. బండి ఎక్కడ ఆపినా టైరు కింద రాయి పడాల్సిందే. అందుకోసం కంగ్టిలోని మా చేనులోంచి ఏరి తెచ్చిన నల్లరాయి ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉండేది (స్టెప్నీ కన్నా దానికే మర్యాద ఎక్కువ).

ముంబై దగ్గర సముద్రానికి అవతలి ఒడ్డున మా అక్కకు ఉద్యోగం, ఆమెను చూడ్డానికి బయల్దేరాం. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవచ్చు. కానీ కార్లను ఎక్కించుకునే ఓడ ఉందని ఫోనులో చూపించి, దాని మీదే పోదామని మొండికేసింది నేను. రేవు దాకా పెద్దబాపే నడిపాడు. అక్కడ ఆ నీళ్లను, కార్లను లోపలికి మింగుతున్న ఓడను చూసి బండి పక్కకు ఆపేశాడు.

"భూమ్మీద ఎంత దూరమైనా నేనే నడుపుత బిడ్డా. గీ నీళ్ల మీద నాతోని కాదు. బండికి గీత పడకుండ ఎక్కించి దింపినవంటే ఖేడ్ దాకా తాళం నీదే. గీత పడ్డదో, ఇగ స్టీరింగ్ ముట్టనియ్య!"

నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. డ్రైవరు తప్ప మిగతావాళ్లు నడిచి ఎక్కాలని గేటు దగ్గర చెప్పారు. పెద్దబాపు దిగుతూ రాయిని తెచ్చి నా పక్క సీట్లో కూర్చోబెట్టాడు. "ఎక్కంగనే ముందటి టైరుకు పెట్టు. మర్వకు." నేను హుషారుగా బైకుల లైనులో దూరాను. కాపలాదారు ఈల వేశాడు. వెనక్కి తీసి, కార్ల లైనులో నిలబడి, టికెట్టు చూపించి కదిలేసరికి ఇనుప పలక మీద టైర్లు దడదడలాడాయి. "ఓడ లోపటికి కారు తోలుతున్న!" అని గట్టిగా అరిచాను. రాయి తప్ప విన్నవాళ్లు లేరు.

ఒక ఎర్ర కారు వెనక నన్ను ఆపారు. రాయి పెట్టి, పరుగున పైకెళ్లాను. ఓడ కదిలింది, గాలి, పక్షులు, నా కేకలు! రెయిలింగును రెండు చేతులా పట్టుకున్న పెద్దబాపు అడిగింది మాత్రం ఒక్కటే.

"రాయి పెట్టినవా?"

"పెట్టిన పెద్దబాపూ, సముద్రం చూడు!"

ఒడ్డు రాగానే కిందికి ఉరికి కార్లో కూర్చున్నాను. ఎర్ర కారు వెళ్లిపోయింది. హ్యాండ్ బ్రేకు తీద్దామని చెయ్యి వేస్తే, అది తీసే ఉంది. అసలు వేసిందెప్పుడు! గేరు కూడా న్యూట్రల్లోనే ఉంది. దారి పొడుగునా, ఎర్ర కారుకు జానెడు దూరంలో, కారును పట్టి ఆపింది కంగ్టి రాయి. ఓడ ఊగుడుకు టైరు దాని మీదకు ఒరిగి బిగుసుకుపోయింది. వెనక హారన్లు. అప్పటికే నడిచి దిగిన పెద్దబాపు ఒడ్డు మీద నుంచి, "ఎన్కకు తియ్యి, ఎన్కకు!" అని కేకలు. వెనక జీపుకు తగలకుండా బెత్తెడు వెనక్కి తీశాను. ఓడ మనిషి రాయిని లాగి, నవ్వుతూ కిటికీలోంచి నాకు అందించాడు.

పెద్దబాపు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గీత లేదు. "షాబాష్ బిడ్డా!" అని తాళం నాకే వదిలేశాడు.

తిరుగు ప్రయాణంలో ఖేడ్ బస్టాండు ముందు కారు ఆపాను. నన్ను ఏడిపించిన వాళ్లంతా అక్కడే ఉన్నారు, చూస్తున్నారు. పెద్దబాపు నోరు తెరవకముందే దిగి, డిక్కీలోంచి రాయి తీసి, అందరి ముందూ టైరు కింద పెట్టాను. వాళ్లు పగలబడి నవ్వారు. పెద్దబాపు ముఖం మాత్రం వెలిగిపోయింది.

ఇప్పుడు నాకు సొంత కారుంది. దాని డిక్కీలో ఆ రాయే ఉంది. తన పెంపకం గొప్పదని పెద్దబాపు ఊరంతా చెప్పుకుంటాడు. హ్యాండ్ బ్రేకు సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.