ఇంగ్లండు కామిక్కు, మా ఇంటి పొయ్యి

నీకు నచ్చని గీతను మంటల్లో వెయ్యడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?

ఈ ఉదయం ఆదోనిలో పాత పేపర్ల కొట్లో ఇంగ్లండు పిల్లల కామిక్కు ఒకటి కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే సిరా, అదే చెమ్మ వాసన. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎమ్మిగనూరులో మన చర్చికి ఇంగ్లండు నుంచి వచ్చే పాత బట్టల మూటల అడుగున ఇవే ఉండేవి.

వాటిలో గీకినట్టు బొమ్మలు వేసే చిత్రకారుడంటే నాకు పిచ్చి. చింపిరి జుట్లు, వంకర పళ్లు, పేజీ నిండా జనం. పక్క వీధి నేతగాళ్ల ఇంటి రంగన్నకేమో నున్నటి గీతల చిత్రకారుడే గొప్ప.

"గీత తెగితే బొమ్మ యాడుంటాదిరా? మగ్గం మీద పోగు తెగితే మా నాయన ఊరుకుంటాడా?" అనేవాడు.

"నీ బొమ్మలు గంజి పెట్టి ఆరేసిన గుడ్డలన్నా!" అనేవాణ్ణి.

ఒకరోజు మా అరుపులకు మా నాయన వచ్చాడు. నా పుస్తకం తెరిచి, "ఇవి దయ్యాల మొగాలు" అంటూ పొయ్యిలోకి తోశాడు. అంచు అంటుకుంది. రంగన్నే చెయ్యి పెట్టి బయటికి లాగాడు.

"బాగలేదంటి గానీ, కాల్చమంటినా మామా?"



సహోదరులారా! నెమలినీ ఒంటెనూ చేసింది ఒకే చెయ్యి. రెండింటినీ చూసి దేవుడు మంచిదనే అన్నాడని వాక్యం చెబుతోంది. మీ పిల్ల గీసింది మీకు నచ్చలేదా? నచ్చలేదని చెప్పండి, చించకండి. ఇప్పటికే చించి పారేసి ఉంటే, చెత్త బండి రాకముందే లేవండి. ఆ ముక్కలు ఏరి, ఈరోజే అతికించి ఆ పిల్ల చేతికివ్వండి!