మా టీచర్‌గారి రంగు

మా నర్సింగ్ టీచర్‌గారు పోయారని కాలేజీ నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేను అమెరికాలో, మోరిస్‌విల్‌లో పెట్రోలు కోసం గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి ఉన్నాను. రెండుసార్లు చదివి, క్లాసుకి టైమవుతోందని కారు తీశాను. సగం దారిలో గుర్తొచ్చింది, ఆ క్లాసు ఆవిడదే.

ఆవిడ నల్లజాతి స్త్రీ. హాస్పిటల్‌లో మాకు పని నేర్పేవారు. పేషెంట్‌ని తాకేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. వెలుగు పడేలా కిటికీ కర్టెన్ పూర్తిగా పక్కకి లాగేవారు. మంచం పట్టినవాళ్లకి పుండు పడబోయేచోట చర్మం ఎర్రబడుతుందని ఒకరోజు పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాను.

"ఎవరి చర్మం?" అన్నారు.

నల్లటి ఒంటిమీద ఆ ఎరుపు కనపడదు. కనపడలేదు కదా అని వదిలేస్తే పుండు ముదిరిపోతుంది. వేళ్ల వెనకవైపుతో తాకి వేడి చూడమని, పక్క చర్మంతో పోల్చి చూడమని నేర్పారు.

పాఠాల్లో నల్లని చర్మం ఫొటోలు చేర్చాలని ఏళ్లతరబడి కమిటీల్లో కూర్చున్నారు. "అక్కడ కాఫీ మాత్రం బాగుంటుంది, ఓసారి రా" అనేవారు. చివరికి కమిటీవాళ్లు చేర్చారు, పుస్తకం ఆఖర్న అనుబంధంగా. మేం మండిపడితే ఆవిడ నవ్వారు. "పుస్తకం వెనకనుంచి కూడా తెరుచుకుంటుంది, హనీ."

సంతాపసభకి ఫొటో నేనే తెస్తానన్నాను. క్లాసులో నేను తీసిందే. నెల్లూరు నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన నా రూమ్మేట్ దాన్ని సరిచేయడానికి కూర్చుంది.

"ఏంటే ఇది, మొహమే కనపడట్లా! ఆగు, కొంచెం బ్రైట్ చేస్తా. మా తాతయ్య ఫొటో కూడా దండ వేసేముందు స్టూడియోవాడు ఇట్లానే చేశాడు. ఎంత కళగా వచ్చిందో తెలుసా!"

చూశాను. "బాగుందే" అన్నాను. మొహమాటానికి కాదు. నిజంగానే బాగుందనిపించింది.

సభలో టీచర్‌గారి చెల్లెలు ఆ ఫ్రేమ్ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా నన్ను అడిగింది:

"మా అక్క రంగు ఏమైంది?"

లైటింగ్ వల్ల అని చెప్పబోయాను. ఆవిడ ఫ్రేమ్‌ని రెండు చేతులతో ఎత్తి, గోడవైపు తిప్పి, మళ్లీ బల్లమీద నిలబెట్టింది.

జనం వస్తూనే ఉన్నారు. టీచర్లు, నర్సులు, మా క్లాసువాళ్లు. ఒక్కొక్కరే వంగి, ఆ ఫ్రేమ్ వెనక అట్ట ముందు పూలు పెట్టి వెళ్లారు.