గీత మీద గుమ్మడికాయ

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం ఇంకా దారిలోనే ఉన్న రోజుల్లో, మెడలో ఒక బ్యాడ్జీ తగిలిస్తే చాలు, నేను ఏ పనైనా చేసేవాణ్ణి. మా మేనమామ సైకిల్ పోటీల కమిటీకి ప్రెసిడెంటు. (ఆయన సైకిలెక్కగా చూసినవాళ్లు మా వంశంలో లేరు.) కడప నుంచి రాయచోటికి రోడ్డు రేసు పెట్టి, నాకు ‘ఫినిష్ లైన్ ఇన్‌చార్జి’ అని బ్యాడ్జీ ఇచ్చాడు. పనేమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే బ్యాడ్జీ వెనక్కి తీసుకుంటాడేమోనని భయం.

రేసులో అందరి కళ్లూ రాట్నం మీదే. నేతపని ఇంటివాడు, నాకన్నా రెండేళ్లు చిన్న. వాడి కాళ్లు తిరిగే తీరు చూసి మేమే ఆ పేరు పెట్టాం. మొదట వచ్చినవాడికి రాష్ట్ర జట్టులో చోటు. పొద్దున కడపలో బయల్దేరే ముందు నా దగ్గరికొచ్చి, “అన్నా, గీత కాడ రోడ్డు బాగుంటాదా? కడకు వచ్చేసరికి నేను తల ఎత్తను” అన్నాడు. “నేనుండాను గదరా, నీకెందుకు?” అన్నాను బ్యాడ్జీ సవరించుకుంటూ. జీపులో ముందే రాయచోటి చేరాను.

అక్కడ ఏర్పాట్లు ఘనం. రోడ్డులో సగాన్ని వేదిక మింగేసింది. అద్దెకు తెచ్చిన బారికేడ్లన్నీ ముఖ్య అతిథి కుర్చీ చుట్టూ పెట్టాం, జనం ఆయన మీద పడకుండా. (సైకిళ్ల మీద పడితే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.) ఆయన ఆలస్యంగా దిగాడు. అప్పటికే ముందున్నవాళ్లు ఊరి పొలిమేర దాటారని ఫోనొచ్చింది. “దిష్టి తీయకుండా ఎట్లరా? కొట్టు గీత మీద!” అని మామ కేక. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, ఎత్తి కొట్టాను. కుంకుమ, గింజలు, గుజ్జు కలిసి గీతకు ఇవతల, సైకిళ్లొచ్చే వైపు, నాలుగు గజాల దాకా పరుచుకున్నాయి. జనం చప్పట్లు కూడా కొట్టారు.

“అది తీయించప్పా, సైకిల్ నిలవదు!” అని అరిచాడు టైము చూసే పీఈటీ సారు. చీపురు పట్టుకున్నామె వైపు చూశాను. “దిష్టికాయ నేను తాకను నాయనా, ఇంట్లో పిల్లోల్లుండారు” అని చీపురు కింద పెట్టేసింది. మామ వైపు చూశాను. “తాకితే మనకే చుట్టుకుంటాది. టైర్లే తొక్కి తీసకపోతాయిలే” అన్నాడు. ఇక మిగిలింది నేను. చీపురు నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఉద్యోగం రానివాడికి ఉన్న దిష్టి చాలదా అనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

రాట్నం అందరికన్నా ఇరవై గజాలు ముందొచ్చాడు. అన్నట్టే తల ఎత్తలేదు. ముందు చక్రం గుజ్జు మీదికి రాగానే సైకిలొక దిక్కు, వాడొక దిక్కు. వేదిక మెట్టుకు భుజం కొట్టుకుంది. వెనకవాళ్లు తప్పుకుని గీత దాటేశారు. మేం పరుగెత్తాం. (ముఖ్య అతిథికి బారికేడ్ల వల్ల రావడం కుదరలేదు.)

సాయంత్రం కమిటీ కూర్చుంది. “చూసినారా, దిష్టి తీసినాము గాబట్టి ఎముకతో పోయింది. లేకుంటే ప్రాణమే పోయేది!” అన్నాడు మామ. అందరూ తలలూపారు. నివేదికలో ‘బాధ్యులు’ అన్నచోట ఏం రాయమంటారని అడిగితే, “దిష్టి అని రాయి” అన్నాడు. గుండ్రటి అక్షరాలతో రాశాను. సిగ్గులేని చెయ్యి!

రాట్నం భుజం అతుక్కుంది గానీ, జట్టులో చోటు రెండోవాడికి పోయింది. మరుసటి ఏడు వాడు మగ్గం వదిలి రాలేదు. కట్టు విప్పిన రోజు చూడ్డానికి పోతే, “అన్నా, ఆ దిష్టి నాకు తీసినారా, స్టేజీకి తీసినారా?” అని నవ్వుతూనే అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది, పొట్ట కూడా ఉంది. అమావాస్య మర్నాడు పొద్దున కూడలిలో గుమ్మడికాయ ముక్కలు కనిపిస్తే బండి ఆపి, చేతులతో ఏరి పక్కన వేస్తాను. మొన్న ఒక పెద్దాయన అదిరిపడి, “ఏమప్పా, ఏం చేస్తాండావు? దిష్టికాయ తాకినావే, శానా ధైర్యమే నీకు!” అన్నాడు.

“నేను ఫినిష్ లైన్ ఇన్‌చార్జిని పెద్దాయనా” అన్నాను. పదేళ్లు ఆలస్యంగా డ్యూటీ ఎక్కినందుకు నాకే నవ్వొచ్చింది.