మిల్లు తప్ప అన్నీ చూపించినా

శనివారం పొద్దు గూకేటప్పుడు నాయన కదిరి బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చినాడు. ముందుగా కబురు లేదు, ఏమీ లేదు. గడపలో నిలబడి, "ఏరా అబ్బోడా, మీ హిందూపురం చూసేకి వచ్చినా. ముందు నీ మిల్లు చూపీ" అన్నాడు.

తొంభైల చివర్లో మాట ఇది. నేను పని చేసే నూలు మిల్లుకు బీగం పడి అప్పటికే మూడు నెలలు. మిర్చి మార్కెట్లో మూటలు మోసి ఎట్లో నెట్టుకొస్తాన్నా. ఇంట్లో చెబుదామంటే, "మావోడు మిల్లులో ఉండాడు" అని నాయన ఊరంతా చెప్పుకునేది గుర్తొచ్చి నోరు పెగిలేది కాదు.

"రేపు ఆదివారం గదా నాయనా, మిల్లు మూసుంటాది. పెనుకొండ, ధర్మవరం చూపిస్తా. ఆడే నిన్ను కదిరి రైలెక్కిస్తా" అన్నా. ఆయన ఆ బండి ఎక్కేలోపల నిజం చెప్పేయాల. నాకు ఆ ప్రయాణం అందుకే.

పొద్దున్నే బజారు మీదుగా నడిచినాం. చింతపండు మండీలు, బెల్లం అంగళ్లు, పట్టుగూళ్ల మార్కెట్టు అన్నీ చూపించినా. నాయన అన్నిటికీ "ఊ" అన్నాడు. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీలు వేడివేడిగా బాగుండె, నేను మాత్రం ఒకటి తిని పక్కన పెట్టినా.

"మీ మేనేజరు మంచోడేనా?" అన్నాడు నాయన ఉన్నట్టుండి.

"మంచోడే."

"నీ మాట వింటాడా?"

"ఎందుకు నాయనా?"

"ఊరికే అడిగితి లేరా."

ఈయనకు ఎవరో చెప్పేసినారు అనుకున్నా.

ఏడు దాటినాక పెనుకొండ బస్సెక్కినాం. పక్క సీట్లో రొద్దం ఊరి అవ్వ ఒకామె ఒళ్లో కోడిపుంజుతో కూర్చుంది. "యాడికప్పా, ఇద్దురూ తయారైనారు?" అని పలకరించింది. నాయన ఎదురొమ్ము పొంగించి, "మావోడు మిల్లులో పని చేస్తాండాడు. నన్ను ఊర్లు తిప్పుతాండాడు" అన్నాడు. "పున్నెం చేసుకున్నావు నాయనా! మావోడైతే మొగమే చూపించడు" అనిందామె. ఆ బస్సు అట్లే నన్ను తొక్కేసి పోయినా బాగుండు అనిపించింది.

పెనుకొండలో ముందు బాబయ్య దర్గాకు పోయినాం. అందరి మాదిరే చక్కెర కొని ఫాతెహా చదివించుకున్నాం. నాయన కళ్లు మూసుకుని చానాసేపు నిలబడినాడు. వాన కోసమేమో అనుకున్నా. తరవాత కోట గోడలు చూసి కొండ దారి పట్టినాం. ఎక్కాలనుకునే వాళ్లు ఎండ ముదరకముందే ఎక్కండి, నీళ్లు వెంట పెట్టుకోండి, పైన చుక్క దొరకదు. మేము సగంలోనే కూలబడినాం. కింద బీళ్లు ఎర్రగా కనిపిస్తాన్నాయి, పచ్చనిది ఒక్కటీ లేదు.

"నాయనా, ఒక మాట..." అన్నా.

సరిగ్గా అప్పుడే ఆయన కూడా, "అబ్బోడా, నిన్నొకటి..." అన్నాడు.

"నువ్వు చెప్పు."

"ఏంలే. నువ్వే చెప్పు."

"ఏంలే నాయనా. ఎండెక్కువైంది, దిగుదాం" అన్నా. థూ, నా బతుకు!

ధర్మవరం చేరేసరికి పన్నెండు దాటింది. పట్టు చీరల అంగళ్ల వీధి చూపించినా. అంగట్లో పిల్లోడు లోపలికి రమ్మని చేయి పట్టుకుంటే నాయన విడిపించుకున్నాడు. హోటల్లో భోజనం బాగుండె. ఆయన మాత్రం ముద్ద కలిపి కలిపి పెట్టినాడు, తిన్నది తక్కువ.

కదిరి మీదుగా పాకాల పోయే చిన్న గేజి రైలుబండి మూడు దాటినాక. ప్లాట్‌ఫారం సిమెంటు అరుగు మీద కూర్చున్నాం. బండి వచ్చి నిలబడింది. నాయన లేవలేదు.

"ఊర్లు చూసేకి కాదురా నేను వచ్చింది" అన్నాడు పట్టాల దిక్కు చూస్తా. "మీ మిల్లులో గేటుకాడ కావలికి నన్ను పెట్టించు. మూడో బోరూ ఎండిపాయ. ఎద్దుల్ని అమ్మేసినా. చేను గుత్తకిచ్చేసినా. మావోడు పని ఖాయం చేసినాడని మీ అమ్మకు చెప్పి వచ్చినా."

"నాయనా, ఆ గేటుకే బీగం పడింది. మూడు నెలలాయ. మిర్చి మార్కెట్లో మూటలు మోస్తాన్నా" అన్నా.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండు. "అట్లనా" అన్నాడు, అంతే. బండి కూత పెట్టి కదిలిపోయింది. "పోయి మీ అమ్మకు ఏ మొగం చూపించేది?" అన్నాడు.

నాలుగున్నరకు బెంగళూరు ప్యాసింజరు వస్తే హిందూపురానికి రెండు టికెట్లు తీసుకున్నా. ఎదురు సీట్లో ముదిగుబ్బ దిక్కు మొగుడూ పెళ్లాలు, రాగిపిండి మూటతో. బెంగళూరులో ఇండ్లు కట్టే కూలికి పోతాండారంట. నాయన వాళ్లతో, "వయసైనోళ్లకు పని దొరుకుతాదా అప్పా?" అన్నాడు.

"కట్టే ఇండ్లకాడ కావలికి ముసలోళ్లనే పెట్టుకుంటారు. పండుకునేకి రేకుల షెడ్డు ఇస్తారు. మేస్త్రీ మావాడే, రా మామా" అన్నాడు ముదిగుబ్బాయన.

హిందూపురం వచ్చింది. నాయన కదల్లేదు. చేయి పట్టి లాగితే, "నీ గదిలో కూర్చుని నీ మూటల కూలి తినమంటావా? దిగురా" అన్నాడు. ముదిగుబ్బాయన, "టికెట్టు సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దిగినా.

మా జిల్లా చూడాలంటే ఈ మూడు ఊర్లూ ఒక్క దినంలో చూసేయొచ్చు. బస్సులున్నాయి, బండ్లున్నాయి, భోజనానికి కొదవలేదు. బతికేకి మాత్రం ఒక్కటీ పనికి రాలేదు మాకు.

బండి కదులుతాంటే నాయన కిటికీలోంచి తల బయట పెట్టినాడు. "అబ్బోడా, మీ అమ్మకు జాబు రాయి. నాయన మిల్లులో చేరినాడని రాయి. గేటుకాడ కుర్చీ కూడా వేసినారని రాయి" అని అరిచినాడు.

మరునాడే రాసినా. కుర్చీ సంగతి కూడా రాసినా.