ఏ సెల్లు వేసినా వెలిగే లైటు

సమ్మె మొదలైన పదో రోజుకే నాకు నా ఇల్లు ఇరుకైపోయింది. గూడూరు సర్కారు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. తెలంగాణ కోసం బడులు మూసి, బస్సులు నిలిపి, బొగ్గుబాయిలు బందు పెట్టిన రోజులవి. పొద్దున్నే టెంటు కింద కూర్చుని నాలుగు నినాదాలిచ్చి వస్తే మిగతా రోజంతా ఖాళీ. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగేవాణ్ణి. చదివిన పేపరే మళ్లీ చదివేవాణ్ణి, ఎవరి మీద కోపమో తెలియకుండానే విసుక్కునేవాణ్ణి.

నా భార్యకు ఆ తీరిక లేదు. ఆమె నర్సు. సమ్మె ఉన్నా రోగాలు ఆగవు కదా, రోజూ మందుల సంచి భుజాన వేసుకుని తండాకు పోయేది. నా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది ఆ తండావాళ్లే. బస్సు లేదు, ఆటో దొరకదు. నాలుగు కిలోమీటర్ల నడక, మధ్యలో ఒక వాగు. తిరిగొచ్చేసరికి చీకటి పడేది. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆమె అట్లా కష్టపడుతుంటే ఇంట్లో కూర్చుని తినడం నాకు సిగ్గుగా ఉండేది. ఆమె కోసం ఏదో ఒకటి చేయాలి. ఆ ఏదో ఒకటి నాకు టార్చిలైటు రూపంలో దొరికింది.

దాన్ని సమ్మెకు ముందు జనగామలో, స్టేషను దగ్గరి దుకాణంలో కొన్నాను. "ఏ సెల్లు ఏసినా ఎలుగుతది సార్. లావుది, నడిమిది, పెన్సిలుది, సన్న పెన్సిలుది. నాలుగిట్ల ఏ ఒక్కటున్నా సాలు" అన్నాడు దుకాణదారు. నాలుగింటికీ నాలుగు గూళ్లున్నాయి. వెనక బిళ్ల తిప్పితే ఒక సెల్లు నుంచి ఇంకోదానికి మారుతుంది. ఆమెకు ఇచ్చేముందు దాని సంగతి తేల్చుకోవాలనుకున్నాను. సైన్సు పంతుల్ని, పరీక్ష పెట్టకుండా ఎట్లా ఇస్తాను?

నోటుబుక్కు తీశాను. బియ్యం బస్తాలుండే గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. టానిక్కు సీసా మీది సన్నక్షరాలు ఎన్ని అడుగుల దూరం దాకా కనిపిస్తున్నాయి, ఏ సెల్లు ఎన్ని గంటలు వస్తోంది, అంతా రాశాను. రేడియోలోవి, రిమోటులోవి, గోడ గడియారంలోది, అన్నీ పీకాను. నా భార్య తలుపు సందులోంచి చూసి, "పోరగాండ్లు దొరకకపోతే లైటుకు పెడుతున్నవా పరీక్ష?" అని నవ్వింది.

వారం తిరిగేసరికి ఇంట్లో సెల్లులన్నీ అయిపోయాయి. సగం షట్టరు దించుకున్న కిరాణా కొట్టుకు పోయి అడిగి తెచ్చుకున్నవీ అయిపోయాయి. మళ్లీ పోతే, "మానుకోట నుంచి సరుకే వస్తలేదు సారూ, ఏడికెల్లి తేవాలె?" అన్నాడు కొట్టతను. లైటు ఏ సెల్లునైనా తింటుంది. తినడానికి ఊళ్లో సెల్లే లేకుండా చేసిన ఘనత నాది.

అప్పుడు మావాళ్లంతా చేసే పనే నేనూ చేశాను. అయిపోయిన సెల్లులను పిట్టగోడ మీద వడియాల్లా వరుసగా ఎండబెట్టాను. ఎండకు కాస్త వేడెక్కి ఊపిరి పోసుకున్నట్టు కనిపిస్తాయే తప్ప పోయిన బలం తిరిగి రాదని బడిలో చెప్పినవాణ్ణి నేనే. మధ్యాహ్నం తీసి లైటులో వేస్తే ధగధగా వెలిగింది. అంతకు ముందు పరీక్షలన్నీ లైటు ఆరిపోయేదాకా కూర్చుని చేశాను. ఈసారి అయిదు నిమిషాలు చూసి, ఓపిక చాలక, నోటుబుక్కులో 'బాగుంది' అని రాసి లేచాను.

ఆ సాయంత్రం భూపాలపల్లి నుంచి మా బామ్మర్ది ఫోను చేశాడు. బొగ్గుబాయిలో పనిచేస్తాడు, వాడూ సమ్మెలోనే ఉన్నాడు. లైటు గొప్పలన్నీ చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు. "ఆరిపోయే ముందు చెప్తదా బావా?"

"లైటు ఏం చెప్తదిరా?"

"బాయిల దిగేటోనికి ఎలుగు ఎంతన్నది తర్వాతి ముచ్చట. ఆరేముందు జర ఎర్రవడాలె, మనిషి బయటికొచ్చే టైం ఇయ్యాలె. మా పాత లైట్లు గట్లనే ఉండె."

చివరిదాకా ఒకే తీరుగా వెలిగి టక్కున ఆగుతుందని గొప్పగా చెప్పాను. "అయితే అక్కకియ్యకు బావా గది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సైన్సు చదివింది నేనా వాడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాలుగు గూళ్లలో నాలుగు ఎండబెట్టిన సెల్లులు పెట్టి ఆమె చేతికిచ్చాను. "మంచిగున్నయా?" అని అడిగింది. "పరీక్ష చేసే ఇస్తున్న" అన్నాను.

ఆ రోజు చీకటి పడినా ఆమె రాలేదు. కరెంటూ పోయింది, ఆమె ఫోనూ కలవడం లేదు. నేను ఇంట్లో ఉన్న చిన్న లైటులో పిట్టగోడ మీది సెల్లు ఒకటి వేసి పొయ్యి దగ్గరికి పోయాను. అగ్గిపెట్టె వెతికేలోపే ఆరిపోయింది. ఇంకొకటి వేశాను. టీ మరగలేదు, అదీ ఆరిపోయింది. అక్కడే నిలబడిపోయాను. ఆమె దగ్గరున్నవీ ఈ గోడ మీద ఎండినవే. బామ్మర్ది మాట గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండిళ్ల తలుపులు కొట్టాను. ఎవరి దగ్గరా సెల్లు లేదు. అట్లాగే బయల్దేరాను. దారి తెలిసినదే అయినా ప్రతి అడుగూ పాము మీద వేస్తున్నట్టుంది. వాగు ఒడ్డుకు చేరి ఆగిపోయాను. నీళ్ల చప్పుడు వినబడుతోంది, నీళ్లు కనబడటం లేదు. గట్టిగా పిలిచాను, పలుకు లేదు. ఆమె ఆ నీళ్లలో కాలు పెట్టిందేమోనన్న ఆలోచన ఒకటి వచ్చింది. ఆ క్షణం నాకు తెలంగాణ గుర్తులేదు, సమ్మె గుర్తులేదు.

చాలాసేపటికి అవతలి ఒడ్డున తెల్లటి వెలుగు కనిపించింది. నా లైటే. దాన్ని పట్టుకుని తండాలోని ఒక ముసలవ్వ ముందు నడుస్తోంది, వెనక నా భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

జ్వరంతో ఉన్న ఒక బాలింతను చూసి బయల్దేరేసరికి ఆలస్యమైందట. తండా దాటి పదడుగులు వేయగానే లైటు టక్కున ఆరిపోయింది. బిళ్ల తిప్పితే రెండోది అట్లాగే, మూడోదీ నాలుగోదీ అట్లాగే. ఆమె కదలకుండా నిలబడి, "యాడీ" అని ముసలవ్వను కేకేసింది. వాళ్ల భాషలో అమ్మా అని. తండాలో కొత్త సెల్లు ఒక్కటి కూడా లేదు. లైటు ఏ సెల్లయినా తీసుకుంటుందని నా భార్య చెబితే, అయిదిళ్ల వాళ్లు గోడ గడియారాల్లోంచి సెల్లులు తీసిచ్చారు. ఒకటి ఆరిపోగానే ఇంకొకటి వేసుకుంటూ వచ్చారు.

ఇంటికొచ్చాక నా భార్య ఒకటే అడిగింది. "నీ నోటుబుక్కుల ఏం రాసినవు?"

"బాగుంది అని" అన్నాను, తలెత్తకుండా.

"బాగనే ఉన్నది. అయిదిండ్ల సెల్లులు ఏసిన, ఒక్కటి వద్దనలే" అని వెళ్లి పడుకుంది. తిడితే బాగుండేది.

మర్నాడు సెల్లులు తిరిగివ్వడానికి తండాకు పోయాను. అయిదు సెల్లుల్లో రెండింటిలోనే ప్రాణముంది. మిగతా మూడూ దారిలో అయిపోయాయి. అయిదిళ్లలోనూ గడియారాలు ఏడు దాటి కొన్ని నిమిషాల దగ్గర ఆగి ఉన్నాయి. రెండింటిలో సెల్లు వేసి ముళ్లు సరిచేశాను. మూడో ఇల్లు ముసలవ్వది. మూడిండ్ల గడియారాలు నడవవని, దుకాణాలు తెరవగానే తెచ్చిస్తానని, తప్పు నాదేనని ఆమెకు చెప్పాను.

"నర్సమ్మ వద్దనే అన్నది సారూ. పిల్లలు బడి టైం చూసుకుంటరు, తియ్యకుండ్రి అన్నది" అంది అవ్వ. "బడి ఏడున్నది బిడ్డా అని నేనే తీసిన."

ఆమె నన్ను దెప్పలేదు, ఉన్న మాటే చెప్పింది.

ఆ రోజు నుంచి నా భార్యతో పాటు నేనూ తండాకు నడిచాను. మందుల సంచి నా భుజాన ఉండేది. సమ్మె అయిపోయి సరుకు వచ్చేదాకా ఆ మూడు గడియారాలు ఏడు దాటిన ఆ నిమిషాల దగ్గరే ఉన్నాయి. ఆ ఇళ్ల ముందు నుంచి పోయేటప్పుడు లోపలికి చూడకుండా గబగబా నడిచేవాణ్ణి. పిల్లలు వదిలేవాళ్లు కాదు. వెంటపడి వచ్చి రోజూ అడిగేవాళ్లు.

"సార్, బడెప్పుడు?"